కార్మికుల మనిషి మఖ్దూం సాహెబ్

మన సంచికలో ఈసారి మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్‌ను గురించి రాయాలని నిశ్చయించుకున్నాం. ఆయన పేరు వినని ఇల్లు హైదరాబాదులో తక్కువ. కాని పేరు తెలిసినంతగా ఆయన చేసిన పని తెలియదు. ముషాయిరా అంటే చెవి కోసుకునేవాళ్ళకు ఆయన గొప్ప షాయర్. పాత సినిమా పాటలు వినేవాళ్ళకు మంచి గజల్ రాసినాయన. ట్యాంక్‌బండ్ మీదికి షికారు వెళ్ళే పిల్లలకు అక్కడ వరసగా వున్న విగ్రహాలలో ఒక విగ్రహం. కాని ఆయన తన వయసులో మంచి భాగమంతా మిల్లు గేట్ల దగ్గరా, రైల్వే కార్ఖానాల దగ్గరా, కూలీల బస్తీల్లోనూ గడిపారు. శాసనసభకు వెళ్ళిన దారి కూడా అక్కడినుంచే మొదలైంది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మన పెద్దలలో కొందరికి ఆయన పేరు అంతగా రుచించదు. ఆయన కమ్యూనిస్టు, నిజాం ప్రభుత్వం మీద తిరగబడ్డ మనిషి, అలాంటివారిని మన సంచికలో తలచుకోవడం ఎందుకని వాళ్ళకు అనిపించవచ్చు. ఆ సందేహంలో తప్పు లేదు. దాన్ని దాటవేయాలని మాకు లేదు. ఆయన జీవితం మొదటినుంచీ చెప్పుకొస్తే జవాబు అందులోనే దొరుకుతుందని మా నమ్మకం.

యతీం బిడ్డ

మఖ్దూం సాహెబ్ 1908 ఫిబ్రవరి 4న అందోలులో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యంలో మెదక్ జిల్లా. పూర్తి పేరు అబూ సయీద్ మొహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తండ్రి గౌస్ మొహియుద్దీన్ గారు సర్కారులో చిన్న ఉద్యోగి. పిల్లవాడికి సరిగా ఊహ తెలియకముందే ఆయన కన్నుమూశారు. తరవాత తల్లికి మళ్ళీ నికా కావడంతో బిడ్డ చాచా బషీరుద్దీన్ గారింట్లో పెరిగాడు.

ఆ ఇంట్లో నమాజు, ఖురాన్ చదువు, పెద్దల మాట వినడం అన్నీ కట్టుదిట్టంగా సాగేవి. మసీదు వూడ్వడం, వుజూకు నీళ్ళు తోడిపెట్టడం ఈ పిల్లవాడి పని. తండ్రి లేని బిడ్డ ఎవరింట్లో పెరిగినా కాస్త ఎక్కువ పని నెత్తిన పడుతుంది. అది మనం చూస్తున్నదే. అయితే చాచాగారు దీన్‌పరుడైనా లోకం పట్టనివారు కారు. 1917లో రష్యాలో రాజు పోయి విప్లవం వచ్చిన కబురు ఇంట్లో పిల్లలకు ఆయనే చెప్పారట. అక్కడ బీదా గొప్పా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని వివరించారట. అప్పటికి మఖ్దూంకు తొమ్మిదేళ్ళు.

ఈ చిన్న కథ ఆయన జీవితం రాసినవాళ్ళు చాలామంది చెబుతారు. మాకూ ఇది ముఖ్యంగానే తోస్తున్నది. ఒక పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం మన ఇళ్ళల్లో వింత కాదు. తనకు తెలిసిన దస్తర్‌ఖానే దేశమంత పొడుగున పరిచినట్టు ఆ పిల్లవాడికి తోచి వుండాలి.

మసీదులో పడక, యూనివర్సిటీలో చదువు

1929లో సంగారెడ్డిలో మెట్రిక్ ప్యాసై ఆయన హైదరాబాదు వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అక్కడ బోధన అంతా ఉర్దూలోనే. ఇంగ్లీషు చదువుకు తాహతు లేని పల్లె పిల్లలకు అది పెద్ద వరం. కాని ఫీజు కట్టాలి, పూట గడవాలి, తల దాచుకోవాలి. మఖ్దూం మసీదులో పడుకున్నారు. వీధుల్లో బొమ్మలు అమ్మారు. ట్యూషన్లు చెప్పారు. పస్తులున్న రోజులూ వున్నాయి. అలా బి.ఏ. ముగించి, 1936లో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు.

ఇంత అవస్థలోనూ నవ్వు పోగొట్టుకోలేదు. ఆయన పేరు మొదట కాలేజీలో మోగింది ఒక హాస్య కవితతోనే. దాని పేరు పీలా దుషాలా, అంటే పచ్చ శాలువా. తరవాత బెర్నార్డ్ షా నాటకం విడోయర్స్ హౌసెస్‌ను స్నేహితుడితో కలిసి ఉర్దూలో హోష్ కే నాఖూన్ పేరుతో రాశారు. మురికివాడల్లో బీదల దగ్గర అద్దెలు పిండుకుని పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవారి కథ అది. హైదరాబాదులో రవీంద్రనాథ్ ఠాకూర్ ఎదుట ఆ నాటకం ఆడితే ఆయన మెచ్చుకున్నారు. ఠాకూర్ కవిత్వం మీద మఖ్దూం ఒక పుస్తకం కూడా రాశారు. ఆ నాటకానికి ఎంచుకున్న కథను చూస్తే మనిషి మొగ్గు ఎటువైపో అప్పుడే తెలుస్తుంది.

చేతికొచ్చిన నౌకరీ

1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. అప్పటికే పెళ్ళయింది. సంసారం వుంది. ఆ రోజుల్లో సర్కారీ నౌకరీ అంటే ఏమిటో మన పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. నెల తిరిగేసరికి జీతం, ముసలితనంలో పింఛను, పేటలో మర్యాద, పిల్లలకు మంచి సంబంధాలు, అన్నీ దానివెంటే వస్తాయి. యతీంగా పెరిగి మసీదులో పడుకుని చదివిన మనిషికి అది ఎంత ఊరటో ఆలోచించండి.

అదే సమయంలో నగరంలో కొందరు యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. మఖ్దూంతో పాటు రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ వంటివారు అందులో వున్నారు. వారిలో హిందువులూ వున్నారు, ముసల్మానులూ వున్నారు. సరోజినీ నాయుడు గారి గోల్డెన్ త్రెషోల్డ్‌లో కవులు, రచయితలు కూడేవారు. అభ్యుదయ రచయితల సంఘం అక్కడ బలపడింది. కమ్యూనిస్టు పార్టీ పని రహస్యంగా సాగుతుండేది. ఇవన్నీ సర్కారు కంట్లో నలుసులే. పాఠాలు చెప్పుకుంటూ ఈ పనులూ చేయడం ఎంతోకాలం కుదరదని తేలిపోయింది. రెండిట్లో ఒకటి వదలాలి. ఆయన ఉద్యోగం వదిలేశారు.

దీన్ని గొప్ప త్యాగమని ఒక్క ముక్కలో చెప్పి వూరుకోవడం మాకిష్టం లేదు. ఆ రాజీనామా భారం ఆయన ఒక్కరే మోయలేదు. ఇంట్లో వాళ్ళూ మోశారు. తరవాత ఏళ్ళ తరబడి ఆయన అజ్ఞాతంలోనో జైల్లోనో వుంటే ఆ ఇల్లు నడిపిన ఇల్లాలి పేరు ఏ విగ్రహం కిందా చెక్కలేదు. నాయకుల కథ చెప్పేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు.

మిల్లు గేటు దగ్గర

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కార్ఖానాలు రాత్రింబగళ్ళు నడుస్తున్నాయి. బియ్యం ధర, బట్ట ధర నెలనెలా ఎగబాకుతున్నాయి. కూలి మాత్రం కదలడం లేదు. 1943లో బెంగాలులో లక్షల జనం ఆకలితో చనిపోయారు. దాని మీద మఖ్దూం రాసిన కవిత ఊరూరా పాడారు.

హైదరాబాదు రాజ్యంలో అప్పుడు పదిమంది కూడి మాట్లాడుకోవడమే కష్టం. గష్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు వుండేది. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట కార్మిక సంఘం పెట్టడం మాటలు కాదు. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడాలి. ఒక్కొక్కరితో మాట్లాడాలి. చందా పోగుచేసి పైసకు పైస లెక్క చెప్పాలి. పనిలోంచి తీసేసిన కూలీ ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగిందో లేదో చూడాలి. కరువు భత్యం ఎంత అడగాలో, యజమాని ఎక్కడ దిగివస్తాడో లెక్కకట్టాలి. ఎం.ఏ. చదివిన షాయర్ ఈ పనులన్నీ కూలీల పక్కన కూర్చుని నేర్చుకున్నారు.

చార్మినార్ సిగరెట్ల ఫ్యాక్టరీ, ఆల్విన్ కార్ఖానా, గుండీల ఫ్యాక్టరీ, నిజాం స్టేట్ రైల్వే, వరంగల్లులో ఆజం జాహీ మిల్లు, షాబాదు సిమెంటు, సింగరేణి బొగ్గు గనులు, వీటి కార్మికుల మధ్య ఆయనా ఆయన సహచరులూ పనిచేశారు. రాజ్యంలో నాలుగు భాషల వాళ్ళుండేవారు. ఒకే యంత్రం దగ్గర తెలుగు మనిషి, ఉర్దూ మనిషి, మరాఠీ మనిషి నిలబడేవారు. యంత్రంలో చెయ్యి నలిగితే నొప్పికి కులం లేదు, మతం లేదు. మఖ్దూం ఉపన్యాసం ఉర్దూలోనే వుండేది. అయినా అందరికీ అర్థమయ్యేది. నలుగురూ ఆయన పాటను గొంతు కలిపి పాడేవారు.

1946లో ఈ సంఘాలన్నీ కలిసి అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌గా ఏర్పడ్డాయి. అధ్యక్షుడు మఖ్దూం సాహెబే. అదే ఏడు నిజాం ప్రభుత్వం కొన్ని రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించింది. ప్రజలకు అసలైన అధికారం ఇవ్వకుండా పైపైన చేసిన ఏర్పాటని వాటిని కార్మికులు తిరస్కరించారు. అక్టోబరు 17న రాజ్యమంతటా సమ్మెకు పిలుపు ఇచ్చారు. దాని తరవాత మఖ్దూం మీద వారంటు పుట్టింది. ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళిపోయారు. జీతం పెంచమని మొదలైన పని రాజ్యం ఎవరిదన్న ప్రశ్న దాకా వెళ్ళింది. కార్మిక నాయకుడు రాజకీయ నాయకుడైంది అక్కడే.

నిజాం రాజ్యం, ముసల్మానుల రాజ్యం

మొదట చెప్పిన సందేహానికి ఇప్పుడు వద్దాం.

ఆ కాలంలో మన వాళ్ళలో చాలామందికి ఒక మాట నూరిపోశారు. నిజాం ప్రభువు ముసల్మాను గనక ఇది ముసల్మానుల రాజ్యమని, ప్రతి ముసల్మానూ ఇందులో పాలకుడేనని. వినడానికి బాగుండేది. కాని సైకిలు రిక్షా తొక్కేవాడికి, బీడీలు చుట్టే బేవాకు, మిల్లులో నూలు వడికేవాడికి ఆ పాలనలో ఏం వాటా దక్కింది? జాగీర్దార్లు కొందరు ముసల్మానులే. దేశ్‌ముఖులు ఎక్కువమంది హిందువులు. ప్రజలను పీల్చడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు. జనగామ ప్రాంతంలో విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన కొద్దిపాటి భూమికోసం కోర్టులో పోరాడి, చివరికి హత్యకు గురైన రైతు షేక్ బందగీ. ఆయనను తలచుకుని కన్నీళ్ళు పెట్టినవాళ్ళు, ఆయన కథను మా భూమి నాటకంగా వూరూరా ఆడినవాళ్ళు తెలుగు పల్లె జనం.

మఖ్దూం సాహెబ్ ఈ తేడా స్పష్టంగా చూశారు. రాజు మతం ఏదైనా పేదవాడికి దానివల్ల రొట్టె రాదని ఆయన నమ్మకం. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. రజాకార్లు స్వైరవిహారం చేస్తున్న రోజులవి. ఒక ముసల్మాను నాయకుడు ఆ పిలుపు మీద తన పేరు పెట్టడానికి ఎంత గుండె కావాలో చెప్పనక్కరలేదు. తనవాళ్ళే ద్రోహి అంటారు. అన్నారు కూడా.

సాయుధ పోరాటం మంచిదా కాదా అన్న చర్చ ఇంకా తెగలేదు. దాన్ని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. తరవాత జరిగింది మాత్రం మనం మరవలేం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్లు చేసిన పాపానికి ఏ పాపమూ ఎరగని వేలాది ముసల్మాను కుటుంబాలు శిక్ష అనుభవించాయి. ప్రధాని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవారి సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా వుంటుందని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో నష్టం అందరికంటే ఎక్కువ. ఉద్యోగాలు పోయాయి. ఇళ్ళు పోయాయి. రాజ్యం మీదేనని చెప్పిన పెద్దలలో చాలామంది ఆ కష్టకాలంలో జనం పక్కన లేరు.

మఖ్దూం సాహెబ్‌కు ఆ మార్పుతో సుఖమేమీ రాలేదు. నిజాం పోలీసులు వెతికిన మనిషినే తరవాత కొత్త ప్రభుత్వపు పోలీసులూ వెతికారు. 1951లో పట్టుబడ్డారు. జైల్లో రాసిన కవితకు ఖైద్ అని పేరు పెట్టారు. పోరాటం విరమించాక, ఎన్నికల వేళకు విడుదలయ్యారు.

హుజూర్‌నగర్ ఇచ్చిన తీర్పు

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు హైదరాబాదు రాజ్యంలో ప్రజాస్వామ్య ఫ్రంటు పేరుతో పోటీచేశారు. 175 స్థానాల శాసనసభలో ఫ్రంటుకు 42 స్థానాలు వచ్చాయి. ఆ తొలి శాసనసభకు మఖ్దూం మొహియుద్దీన్‌ను పంపినవారు నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఓటర్లు.

ఈ సంగతి దగ్గర పాఠకులు ఒక్క నిమిషం ఆగాలని మా మనవి. హుజూర్‌నగర్ పల్లెటూళ్ళ నియోజకవర్గం. ఓటర్లలో అత్యధికులు తెలుగు మాట్లాడే హిందూ రైతులు, కూలీలు. రజాకార్ల దాడులు చూసిన జిల్లా అది. ఆ గాయాలు ఇంకా పచ్చిగానే వున్నాయి. పోలీసు చర్య జరిగి అయిదేళ్ళు కూడా కాలేదు. అలాంటి చోట ఒక ముసల్మాను, అదీ హైదరాబాదు నుంచి వచ్చిన ఉర్దూ షాయర్, ఓటు అడిగితే జనం వేశారు. ఎందుకు వేశారు? ఆయన పేరు చూసి కాదు. మతం మరిచిపోయీ కాదు. తమ గింజల కోసం, తమ కూలి కోసం ఈయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు, జైలుకు వెళ్ళాడు అని వాళ్ళకు తెలుసు గనక.

మైనారిటీగా వున్నవాళ్ళకు పెద్ద బలం ఏమిటని మన సమావేశాల్లో తరచు చర్చ వస్తుంది. ఇంకొకరి దయా? ఓట్ల సంఖ్యా? కోపమా? హుజూర్‌నగర్ ఇచ్చిన జవాబు వేరే. పక్కవాడి కష్టంలో నిజంగా పాలుపంచుకున్నవాడిని పక్కవాడు మరవడు. ఆ నమ్మకం ఒక్కరోజులో రాదు. ఎన్నికల నెలలో అసలే రాదు. మఖ్దూం సాహెబ్ పదేళ్ళు గేట్ల దగ్గర నిలబడి సంపాదించుకున్నది అదే.

సభలో, దేశాల్లో

శాసనసభకు వెళ్ళాక కూడా ఆయన కార్మిక సంఘాల పని మానలేదు. 1950లలో కొంతకాలం వియన్నాలో ప్రపంచ ట్రేడ్ యూనియన్ల సమాఖ్య కార్యాలయంలో పనిచేశారు. అనేక దేశాలు చూశారు. ఏ.ఐ.టి.యు.సి. నాయకులలో ఒకరుగా నిలిచారు. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడ్డాక అందులో సభ్యుడై కమ్యూనిస్టు పక్షాన మాట్లాడారు. సభలో ఆయన మాటకు చమత్కారం తోడయ్యేది. ఎదుటి పక్షం వాళ్ళు కూడా ఆయన లేచి నిలబడితే చెవి వొగ్గేవారు. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు ఆయన సి.పి.ఐ.లోనే వుండిపోయారు.

కవిత్వం సంగతి కూడా కొద్దిగా చెప్పాలి. ఆయన రాసింది రాశిలో తక్కువ. 1944లో సుర్ఖ్ సవేరా, అంటే ఎర్రని వేకువ. 1961లో గుల్-ఎ-తర్, అంటే తాజా పువ్వు. 1966లో బిసాతె రఖ్స్. ఈ చివరి పుస్తకానికి 1969 సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ప్రేమ గురించి రాసినా, విప్లవం గురించి రాసినా ఆయన గొంతు ఒకటే. తెలంగాణ పల్లె పడుచు మీద రాశారు. ఆఫ్రికాలో లుముంబా హత్య మీద రాశారు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడు రాశారు. 1978లో వచ్చిన గమన్ చిత్రంలో ఆయన గజల్ పాడినందుకు ఛాయా గంగూలీకి జాతీయ బహుమతి వచ్చింది. 1982లో వచ్చిన బజార్ చిత్రంలోనూ ఆయన గజల్ వుంది. బీద ముసల్మాను ఆడపిల్లలను డబ్బుకోసం గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకు కట్టబెట్టే దుర్మార్గం మీద హైదరాబాదు కథగా తీసిన చిత్రమది. ఆయన పోయిన పదమూడేళ్ళకు కూడా ఆయన పాట అలాంటి బిడ్డల పక్కనే నిలిచింది.

చివరి మజిలీ

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం సాహెబ్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 61. హైదరాబాదుకు తెచ్చి నాంపల్లి దగ్గర హజ్రత్ షా ఖామోష్ దర్గా కబరస్తాన్‌లో ఖననం చేశారు. ఆయన విశ్వాసాల గురించి వాదించేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. మనిషి మనసులో మాట అల్లాకు తెలుసు. మనకు కనబడేది మనిషి చేసిన పని.

హిమాయత్‌నగర్‌లో సి.పి.ఐ. కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టారు. ఆయన తిరిగిన కార్ఖానాలలో ఆజం జాహీ మిల్లు, ఆల్విన్ ఇప్పుడు లేవు. గేటు మీటింగులు తగ్గాయి. ఇవాళ మన బస్తీల్లో కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద సామాన్లు చేరవేస్తున్నారు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని ముక్కకింత అని కుట్టుపని చేస్తున్నారు. వాళ్ళకు జీతం చీటీ లేదు, సెలవు లేదు, దెబ్బ తగిలితే అడిగే దిక్కు లేదు. వాళ్ళ తరఫున గేటు దగ్గర నిలబడాలంటే ఇప్పుడు గేటు కూడా లేదు. మఖ్దూం సాహెబ్ వుంటే ఏం చేసేవారో మనం వూహించవచ్చు. ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పొయ్యి వెలిగిందో లేదో చూసేవారు.

మన సంఘం యతీం పిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇచ్చేటప్పుడు వాళ్ళలో ఒకడు డాక్టరో ఇంజనీరో కావాలని కోరుకుంటాం. మంచిదే. అందోలు నుంచి వచ్చి మసీదులో పడుకున్న ఒక పిల్లవాడు మాత్రం చేతికొచ్చిన నౌకరీ వదిలి పదిమంది కూలి కోసం నిలబడ్డాడు. అలాంటి బిడ్డ కూడా మన పిల్లల్లో వుండవచ్చు. వాడిని గుర్తుపట్టి, వెనక్కు లాగకుండా వుంటే చాలు.